రెండు చప్పుళ్ల మధ్య

టక్.

అదిగో, మళ్ళీ. శుభాకర్ చేతి గడియారం చూసుకున్నాడు. మూడూ ఏడు. ముందటిది మూడూ మూడుకి వినబడింది, అంటే నాలుగు నిమిషాలు, అంటే గోడ అవతల గాజుపెట్టెలో హీటరు ఆగింది, ఇక పెట్టె నెమ్మదిగా చల్లబడుతుంది, చల్లబడాల్సినంత చల్లబడగానే ఇంకోసారి టక్‌మని హీటరు అందుకుంటుంది, మళ్ళీ వెచ్చన, మళ్ళీ టక్, ఇలా రాత్రీ పగలూ విసుగూ విరామం లేకుండా జరుగుతూ ఉండాలి, ఎందుకంటే ఆ పెట్టెలో ఉన్నది అతని చెల్లెలు జయమణి కూతురు, మొన్న తెల్లవారుజామున పుట్టింది, ఏడో నెలలోనే ఏం కొంప మునిగిపోతోందని అంత తొందరపడిందో, కేజీ మూడొందల గ్రాములు, పేరింకా పెట్టలేదు, ఒంట్లో పిసరంత కొవ్వు లేదు గనక తన వేడి తను దాచుకోలేదట, పెట్టే దాచిపెట్టాలట. ఆ గదిలోకి మగవాళ్ళని రానివ్వరు. అందుకని అతను ఆస్పత్రి వరండాలో చెక్కబల్ల మీద కూచుని మేనకోడల్ని చెవులతో చూసుకుంటున్నాడు.

పక్కన బావ దయానందం, పిల్ల తండ్రి, పోర్టులో టగ్గు పడవ మీద ఖలాసీ, నీళ్ళ మీద ఎంత అల వచ్చినా బెదరని మనిషి, ఇక్కడ మాత్రం కాసేపు కూచుంటాడు, లేస్తాడు, వరండా చివరిదాకా పోయి హార్బరు వైపు చూసి వస్తాడు. వచ్చినప్పుడల్లా బల్ల కిర్రుమంటుంది. ఆ కిర్రులో టక్ వినబడకుండా పోతుందేమోనని శుభాకర్‌కి మనసు పీకుతోంది, కానీ తండ్రిని కదలకు అని ఎలా అంటాడు.

"ఏటి బావా, ఊరికే గడియారం సూసుకుంతన్నావు. నీకు డూటీ ఉందేటి?"

"లేదు బావా. సెలవెట్టాను."

"మరేటి?"

"ఏటీ లేదు."

ఏటీ లేదు, ఎందుకు లేదు, ఆ పెట్టె నాది బావా అని మొన్న ఎంత గట్టిగా అన్నాడు. దయానందం ఒప్పుకోలేదు అసలు, గాజుపెట్టెలో పెట్టడమేంటి మిఠాయి కొట్టులో లాగ, మా అమ్మ దగ్గర పెడితే పొత్తిళ్ళలో చుట్టి వేన్నీళ్ళ సీసాలు పక్కనెట్టి పెంచేస్తాది, మా పెద్దన్నయ్య అలాగే బతికాడు అన్నాడు. అప్పుడు శుభాకర్ గుండె మీద చెయ్యేసుకుని, ఆ మిషను బాగుచేసింది నాను, దాంట్లో ప్రతి తీగా నాకు తెలుసు, నాదీ పూచీ అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు. అంత సులువుగా మనిషి మాట నమ్మేవాడి పక్కన కూచోవడం ఎంత కష్టమో మూడు గంటల నుంచీ తెలిసొస్తోంది.

వరండా మీద వేసిన ఆకుపచ్చ ఫైబర్ రేకులోంచి ఎండ దిగి బల్లా, నేలా, దయానందం తెల్ల చొక్కా, గోడకి వేలాడే ఎనభై ఒకటో సంవత్సరం క్యాలెండరూ, అన్నీ నాచుపట్టినట్టు కనబడుతున్నాయి. పిట్టగోడ మీద ముడి ఇనుము దుమ్ము పల్చగా పేరుకుని ఉంది, ఈ ఊళ్ళో అది లేని గోడ ఏది, పోర్టు నుంచి గాలి ఇటు తిరిగితే ఆరేసిన బట్టలు కూడా ఎర్రబడతాయి, శుభాకర్ ఉద్యోగమే ఆ దుమ్ములో, ఇనుప రాయి మోసే బెల్టుల దగ్గర మీటర్లు బాగుచేసే పని. పదేళ్ళ కిందట ఐటీఐ నుంచి వచ్చి చేరినప్పుడు ఆ పని నేర్పింది గురునాథరావుగారు, నేవీలో రాడార్ల మీద పనిచేసి రిటైరై పోర్టుకొచ్చిన మనిషి, చీపురుపల్లి అవతల రైతుబిడ్డ, అరచేతిలో శనగ గింజలు పట్టుకున్నట్టు నల్లటి చిన్న ముక్కని పట్టుకుని చూపించాడు, ఎనిమిది కాళ్ళు, అటు నాలుగు ఇటు నాలుగు, మీద సెవెన్ ఫోర్టీ వన్ అని అచ్చు. ఇదేనర్రా ఆప్ ఆంప్ అంటే, అన్నాడు. "దీనికి రెండు సెవులు, ఒక నోరు. ఒకటి ప్లస్సు సెవి, ఒకటి మైనస్సు సెవి. రెండు సెవుల్లోనూ ఇన్నదాంట్లో తేడా ఎంతుందో సూస్తాది, ఆ తేడాని రెండు లచ్చల రెట్లు సేసి అరుస్తాది. అంతేరా సుబాకరా, ఇంకేటీ రాదు దీనికి."

రెండు లక్షల రెట్లు. వెంట్రుకవాసి తేడాకి కూడా గొంతు చించుకుంటుంది. కానీ ఎంత అరిచినా మనం ఇచ్చిన కరెంటు ఎంతో అంతవరకే, పన్నెండు వోల్టులిస్తే పన్నెండు దగ్గర తల గోడకి ఆనించి నిలబడిపోతుంది. ఊరికే వదిలేస్తే దీనికి మధ్యదారి తెలీదు, అయితే ఆ చివర, లేకపోతే ఈ చివర. దాన్ని దారిలో పెట్టాలంటే ఒకటే ఉపాయం, దాని నోట్లోంచి వచ్చినదాంట్లో కొంత తెచ్చి దాని మైనస్సు చెవిలోనే వెయ్యాలి. "ఎంత అరిసిందో దానికే ఇనపడతాది. అప్పుడు బుద్ధొచ్చి తగ్గుతాది. అదే ప్లస్సు సెవిలో ఎయ్యి, సబాసని ఈపు తట్టినట్టు, మొండికేస్తాది." వచ్చినదంతా ఏ అడ్డూ లేకుండా మైనస్సు చెవికే ఇచ్చేస్తే ప్లస్సు చెవిలో ఏం పడిందో అదే, ఎక్కువా తక్కువా లేకుండా, పైకి అంటుంది, కాకపోతే తన బలం మీద అంటుంది. అది విన్నప్పుడు శుభాకర్‌కి అమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది, నాన్న ఏదైనా గొణిగితే చాలు అమ్మ అదే మాట వీధి చివరికి వినబడేటట్టు అనేది, ఆవిడ సొంత మాట ఒక్కటి కలిపేది కాదు, అయినా అప్పులవాళ్ళూ ఇరుగుపొరుగూ అమ్మకే భయపడేవాళ్ళు. జయమణి అచ్చం అమ్మే, చిన్నప్పుడు అతను దేనికి పడిపడి నవ్వినా తనూ నవ్వేది, ఎందుకో తెలీకుండానే. ఇప్పుడు ఆ పక్క వార్డులో సెలైను పెట్టించుకుని పడుకుని ఉంది, నా పిల్ల ఎలా ఉందన్నా అని పొద్దున అడిగితే బాగుంది అన్నాడు, బాగుంది అని అదీ అంది.

టక్.

మూడూ పన్నెండు. ఐదు నిమిషాలు. చల్లబడింది, హీటరు అందుకుంది. మంచిది.

పెట్టెలో జరిగేది అంతే, ఒక చెవిలో వెచ్చదనం చెప్పే చిన్న పూస, ఆవగింజ కంటే కాస్త పెద్దది, వేడెక్కితే ఒక రకంగా చల్లబడితే ఒక రకంగా కరెంటుని వదుల్తుంది, రెండో చెవిలో మనం తిప్పి పెట్టిన మర, ఫారన్‌హీటులో తొంభై నాలుగు డిగ్రీలు ఉండాలీ అని. రెండూ పోల్చి చూసి హీటరు వెయ్యమనో ఆపమనో రిలేకి, అంటే కరెంటుతో కదిలే స్విచ్చికి, చెబుతుంది, రిలే టక్‌మంటుంది. ఎవరో దొరలు పంపిన మిషనట, సామాన్ల గదిలో నాలుగేళ్ళు పాత మంచాల కింద పడి ఉంది, లోపల కంట్రోలు కాలిపోయింది, బాగుచేసే దిక్కులేదు. హెడ్ నర్సు దీవెనమ్మగారిది వీళ్ళ చర్చే, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్ల మీద పట్టుకుని, బాబూ నువ్వు పోర్టులో ఇలాంటివే చేస్తావటగా అంది. వారం రోజుల్లో కొత్త కంట్రోలు కట్టి బిగించాడు. పని చేసింది, కానీ ఒక చిక్కు, పెట్టె సరిగ్గా తొంభై నాలుగు దగ్గరికి రాగానే ఆ ముక్కకి అటూ ఇటూ తేల్చుకోవడం చేతకాక, వెయ్యి ఆపు వెయ్యి ఆపు అని రిలేని వణికించేసేది, టటటటటమని ఒకటే గోల. పిల్లలు ఉలిక్కిపడుతున్నారు బాబూ అంది దీవెనమ్మగారు. దానికి మందు గురునాథరావుగారు చెప్పిందే, నోట్లోంచి రవ్వంత తెచ్చి ప్లస్సు చెవిలో వెయ్యి, కొంచెం మొండితనం నేర్పు. వెయ్యమన్నాక ఒక అరడిగ్రీ దాటేదాకా మాట మార్చదు, ఆపమన్నాక అరడిగ్రీ దిగేదాకా మార్చదు. ఒక్క రెసిస్టరుతో, కరెంటుకి అడ్డుపడే గింజంత ముక్కతో, అయిపోయే పని, అడ్డు ఎంత పెద్దదైతే మొండితనం అంత తక్కువ. పది లక్షల ఓముల రెసిస్టరు, ఒక్కటంటే ఒక్కటి. వేశాడు, గోల ఆగింది. నెల్లాళ్ళయింది. మిషను ఎలా ఉందండీ అని తర్వాతి ఆదివారం అడిగితే దీవెనమ్మగారు రెండు చేతులూ పైకెత్తి "బ్రహ్మాండంగా ఉంది బాబూ!" అంది. ఆ బ్రహ్మాండాన్ని నెల్లాళ్ళు నోట్లో బెల్లంముక్కలా చప్పరించాడు.

హార్బరు వైపు ఏదో ఓడ కూత పెట్టింది. దయానందం లేచి చూసి వచ్చాడు. "ఆరు ఓడలు బైటే నిలబడిపోయాయి బావా. లోనికి పిలుపు రాలేదు," అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక. యారాడ కొండ మీద మబ్బు కాస్త అడ్డం వచ్చి తొలగింది. శుభాకర్ ఊఁ అన్నాడు. టక్. మూడూ పదహారు. ఆగింది. నాలుగు నిమిషాలు. తర్వాత చాలాసేపు ఏమీ ఆలోచించలేదు, ఆలోచించలేదని అనుకున్నాడు గానీ పిల్ల వేళ్ళు తల్చుకుంటూనే ఉన్నాడు, నిన్న దీవెనమ్మగారు తలుపు సగం తీసి చూపించింది, అగ్గిపుల్లలంత వేళ్ళు, ఆ వేళ్ళకి గోళ్ళు కూడా ఉన్నాయి, ఎవరు చెక్కారో అంత సన్నంగా. టక్. మూడూ ఇరవై ఒకటి. హీటరు వెలిగింది.

తలుపు తెరుచుకుని ఆయా అప్పలమ్మ బైటికొచ్చింది. చంకలో ఖాళీ బుట్ట. ఆకుపచ్చ చీర కట్టుకుంది, మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాడు ఆ చీరని, లోపలికీ బైటికీ తిరుగుతూంటే. వీళ్ళిద్దరి ముందు నుంచి "ఉతికిన గుడ్డలు తెత్తాను బాబూ, రెండు నిమిసాలు" అనుకుంటూ వరండా మెట్లు దిగి ఎండలోకి వెళ్ళింది. ఎండలోకి వెళ్ళగానే ఆ చీర పసుపు రంగైపోయింది.

నిండు పసుపు, గడపకి రాసే పసుపు. శుభాకర్ తల పైకెత్తి ఫైబర్ రేకు చూశాడు, మళ్ళీ ఆవిడని చూశాడు, ఆవిడ చాకలిరేవు వైపు మలుపు తిరిగిపోయింది. రేకు కింద ఉన్నంతసేపూ ఆకుపచ్చే, ప్రమాణం చెయ్యమంటే చేసేవాడు. వెలుతురుని బట్టి రంగు మారుతుందని ఎవరికి తెలీదు, తెలుసు, చిన్న విషయం, నవ్వుకుని ఊరుకోవలసిన విషయం, కానీ అతను మళ్ళీ రేకు వైపు చూశాడు. ఆ రెసిస్టరు వేసిన రోజు కరెంటు లేదు.

దీపాల వేళ పోయింది కరెంటు, వీధంతా చీకటి. బోర్డు ఇంటికి పట్టుకొచ్చాడు, పొద్దున్నే బిగించి ఇస్తానని మాట ఇచ్చేశాడు. కిరసనాయిలు పొయ్యి మీద సోల్డరింగ్ ఇనుము కాల్చుకుని, జయమణి లాంతరు పట్టుకుంటే, అది అప్పటికి ఆరో నెల కడుపుతో పుట్టింటికొచ్చి ఉంది, నిలబడలేక పీట మీద కూచుని పట్టుకుంది, పాత రేడియోలోంచి పీకిన రెసిస్టర్ల డబ్బా కుమ్మరించి వెతికాడు. గోధుమ, నలుపు, ఆకుపచ్చ గీతలుంటే పది లక్షలు. గోధుమ, నలుపు, పసుపు ఉంటే ఒక్క లక్షే. వేడికి మసిబారిన రెసిస్టరది, మూడో గీత లాంతరు పసుపు వెలుగులో పాచిపోయిన రంగులో కనబడింది, ఆకుపచ్చేలే అనుకున్నాడు. "పొద్దున సూద్దువులే అన్నా, కళ్ళు పోతాయి," అంది జయమణి. నీకేం తెలుసూ అన్నాడు. కంటిని నమ్మకురా మీటరు పెట్టు అని గురునాథరావుగారు పదేళ్ళలో ఎన్ని వందలసార్లు అని ఉంటాడు, మీటరు పోర్టు వర్క్‌షాపులో తాళం లోపల ఉంది. మర్నాడు ఆస్పత్రిలో బిగించి పరీక్ష చేశాడు, చెయ్యకేం, వేడి ఇనుము పూస దగ్గర పెట్టాడు, టక్‌మంది, పుస్తకంతో విసిరాడు, టక్‌మంది. సోల్డరింగ్ ఇనుముతో కాల్చి పరీక్ష చేస్తే ఎంత మొండిది మాత్రం టక్‌మనదు! అరడిగ్రీకి తిరిగేదీ ఐదు డిగ్రీలకి తిరిగేదీ ఆ మంటకి ఒకటే. అప్పుడు తట్టలేదు. చప్పుడు వినబడింది, చాలనుకున్నాడు.

గడియారం. మూడూ ఇరవై ఆరు. ఐదు నిమిషాలు. హీటరు వెలిగే ఉంది. ఇందాక నాలుగు నిమిషాలకే ఆగింది, నాలుగు నిమిషాలకి ఆగిందంటే అది మంచి రెసిస్టరే కదా, లక్షదే అయితే అంత తొందరగా తిరగదు కదా, ప్లస్సు చెవి ముందున్న పదివేల ఓములకి ఇది పది లక్షలైతే నోట్లోంచి వెనక్కొచ్చేది నూటికొక పాలు, పదివేలకి లక్ష అయితే పదికొక పాలు, పదింతలు మొండితనం, అరడిగ్రీ ఐదు డిగ్రీలవుతుంది, తొంభై ఆరు దాటినా ఆపదు, ఆపినా హీటరు పళ్ళెంలో మిగిలిన వేడి ఇంకా పైకి తోస్తుంది. ఇందాకటి నాలుగు నిమిషాలే సాక్ష్యం. పచ్చదే. ఆకుపచ్చదే. ఊరికే బెంబేలు పడుతున్నాడు. మూడూ ఇరవై ఎనిమిది. బల్ల కిర్రుమంది. "కదలకు బావా," అనేశాడు. దయానందం ఆశ్చర్యంగా చూశాడు. ఇప్పుడే టక్‌మని ఉంటుందా, ఆ కిర్రులో కలిసిపోయిందా. గోడకి చెవి ఆనించాడు. సున్నం చల్లగా ఉంది. లోపల ఏమీ లేదు, ఫ్యాను హోరులాంటిది ఒకటి, అది తన చెవిలోని రక్తమేమో.

మూడూ ముప్పై. తొమ్మిది నిమిషాలు. లేచి చెబితే ఏమవుతుంది? దీవెనమ్మగారూ, నేను లాంతరు వెలుగులో వేశానండీ, ఏం వేశానో నాకే తెలీదండీ. పెట్టె ఆపేస్తారు, ఇంకో పెట్టె లేదు, పిల్లని వేన్నీళ్ళ సీసాల మధ్య పెడతారు, దయానందం మొదట అడిగినట్టే, అప్పుడు దానికేమైనా అయితే అనవసరంగా ఆపించినందుకు తనదే పాపం. చెప్పకపోతే, మిషను మంచిదే అయితే, ఏమీ లేదు, ఎవరికీ తెలియక్కర్లేదు. మంచిది కాకపోతే? ఈ నెల్లాళ్ళలో ఆ పెట్టెలో ఇంకెంతమంది పిల్లలు పడుకున్నారో, వాళ్ళ సంగతి ఒక్కసారీ అడగలేదు, అడిగిందల్లా ఎలా ఉందండీ మిషను అని, అదీ నవ్వుతూ, బాగుంది అనిపించుకోవడానికి. సిగ్గేసింది. మనిషి సిగ్గుపడుతూ కూడా లేవకుండా కూచోగలడని అప్పుడే తెలిసింది, అతనికి తన కాళ్ళ మీద అసహ్యం వేసింది, బెల్టు మీటరు తప్పు చూపిస్తే ఓడ నింపేవాళ్ళు బండబూతులు తిడతారు, పరుగున పోయి సరిచేస్తాడు, తిట్టే నోరు ఉంటే ఎంత సుఖం, పిల్లకి నోరు లేదు, దాని ఏడుపు పిల్లికూన కూత కన్నా చిన్నది, ఆ గోడ దాటి రాదు.

మూడూ ముప్పై మూడు. పన్నెండు నిమిషాలు.

"బావా," అన్నాడు. "ఆ మిషన్లో నాను తప్పు సేసేనేమో."

దయానందం అతని వైపు తిరిగాడు. తిడతాడేమో, కొడతాడేమో, కొడితే బాగుండును అనుకున్నాడు శుభాకర్.

"అయితే కూకుంతావేటి?" అన్నాడు దయానందం. "లెగు!"

భుజం పట్టుకుని లేపింది కూడా అతనే. శుభాకర్ చెప్పులు ఎక్కడ విడిచాడో తెలీదు, తలుపు తోసేశాడు, రాకూడని గదిలోకి వచ్చేశాడు, లోపల ఎవరూ లేరు. కిటికీ పక్కన గాజుపెట్టె. అందులో ఎర్రగా, కమిలినట్టు ఎర్రగా, పిల్ల, పక్కటెముకలు గబగబా ఎగిరెగిరి పడుతున్నాయి. పెట్టెకి తగిలించిన థర్మామీటరు మీద బ్యాండేజీ ప్లాస్టరు ముక్కలు రెండు అడ్డంగా అంటించి ఉన్నాయి, ఒకటి కింద, ఒకటి కాస్త పైన, పాదరసం పై ముక్కని ఎప్పుడో దాటేసి తొంభై ఏడు దగ్గర ఉంది, ఇంకా ఎక్కుతోంది. గోడకున్న స్విచ్చి పక్కన ఒక స్టూలు, స్టూలు మీద అప్పలమ్మ వక్కాకు సంచి. ఇవన్నీ ఒక్కసారే కళ్ళలో పడ్డాయి, ఏదీ తలకెక్కలేదు. వెనక నుంచి "ఎవరయ్యా అదీ!" అని కేకేస్తూ దీవెనమ్మగారు పక్క వార్డులోంచి పరిగెత్తుకొచ్చింది, థర్మామీటరు చూసింది, "అప్పలమ్మేదీ?" అంటూ అతన్ని ఒక్క తోపు తోసి గోడ మీది స్విచ్చి నొక్కింది.

టక్.

అదే చప్పుడు. మూడు గంటల నుంచీ లెక్కపెట్టిన చప్పుడు, నాలుగు నిమిషాలకోసారి, ఐదు నిమిషాలకోసారి. రిలేది కాదు. ఒక్కటీ కాదు.

దీవెనమ్మగారు పెట్టె పక్కనున్న గుండ్రటి తలుపులు రెండూ తెరిచి, లోపలికి చేతులు పెట్టి పిల్ల మీది గుడ్డ తీసేసింది, పాదాలు తన అరచేతుల్లోకి తీసుకుంది. "ఏం కాలేదు. ఏం కాలేదు. వెచ్చబడింది, అంతే," అంటోంది, పిల్లతో అంటోందో తనతో తను అంటోందో. పక్కటెముకల పరుగు కొంచెం కొంచెంగా నెమ్మదించింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు శుభాకర్.

"మిషను దానంతటది ఆగదాండీ?"

ఆవిడ తల ఎత్తలేదు. "మొదటి రోజే సూసేను బాబూ. ఎక్కితే ఎక్కుతానే ఉంది, దిగితే దిగుతానే ఉంది. అందుకే ప్లాస్టరు అంటించి అప్పలమ్మని కూకోబెట్టాను. పైముక్క దాటితే ఆపమని, కిందముక్క దాటితే ఎయ్యమని. రాత్రి ఇంకో ఆయా. నెల్లాళ్ళ బట్టి అలాగే నడుపుతన్నాం. నాను పక్క వార్డులో ఉన్నాను, అది గుడ్డలకి ఎల్లిందని తెలీదు."

"మరి నాకెందుకు సెప్పలేదండీ?"

"ఎలా సెప్పమంటావు? ఊరికే సేసి పెట్టావు. ఆదివారం ఎదురొచ్చి అలా మొహం ఎలిగిపోతా అడిగితే, వంకెలా పెడతాం బాబూ? బాగోదు కదా."

అతనికి ఏడుపొచ్చింది, ఏడవలేదు. తప్పు అతనిదే, కానీ అతనికి తిరిగి రావలసిన మాట నెల్లాళ్ళూ మర్యాద దగ్గర ఆగిపోయింది, వచ్చిన ఒక్క మాటా వీపు తట్టే మాటే. గురునాథరావుగారు ఉంటే ఏమనేవాడో తెలుసు. అయినా ఆవిడని ఏమనగలడు, ఇంతసేపూ గోడ ఇవతల నోరు మూసుకు కూచున్నవాడు.

ప్లగ్గు పీకేశాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే టెస్టరుతో పెట్టె వెనక రేకు విప్పాడు. దీవెనమ్మగారి ట్రేలోంచి కుట్లు కత్తిరించే కత్తెర అడిగి తీసుకున్నాడు. బోర్డు మీద ఆ రెసిస్టరు అతను అంటించిన చోటే, నల్లగా, అమాయకంగా ఉంది. రెండు వైపులా కాళ్ళు కత్తిరించి కిటికీ దగ్గరకి తెచ్చాడు. పగటి వెలుతుర్లో, ఉమ్ముతో మసి తుడిచి చూశాడు. గోధుమ. నలుపు. పసుపు. చిన్నపిల్లాడు కూడా చెప్పగలిగేంత పసుపు.

రేకు బిగించి ప్లగ్గు పెట్టాడు, స్విచ్చి వేశాడు, రిలే కోసం చెవి పెట్టాడు. ఏమీ లేదు. పాదరసం తొంభై ఆరు, దిగుతోంది. బుట్ట నిండా గుడ్డలతో అప్పలమ్మ వచ్చి గుమ్మంలో గుండె బాదుకుంది. "అయ్యో నా తల్లే, రెండు నిమిసాలని ఎల్లాను, గుడ్డలు ఆరలేదు బాబూ, పచ్చిగుడ్డలు ఎలా తెచ్చీది!" అంటూనే స్టూలు మీద కూలబడి పిల్లని చూస్తూ ముక్కు చీదింది. తొంభై ఐదు. దీవెనమ్మగారు గుండ్రటి తలుపులు మూసింది. తొంభై నాలుగున్నర.

టటటటటటట.

పెట్టె వెనక రిలే పళ్ళు కొరికినట్టు మొదలెట్టింది. వెయ్యి, ఆపు, వెయ్యి, ఆపు. పాదరసం రెండు ప్లాస్టరు ముక్కల నడుమ ఆగిపోయింది, అటు పోదు ఇటు పోదు. గుమ్మంలోకి దయానందం తల పెట్టాడు. "ఏటి బావా ఆ సప్పుడు?"

"అదే బావా మిషను. ఇప్పుడు పని సేస్తంది."

"మళ్ళీ ఆ గోలేనా!" అంది దీవెనమ్మగారు చెవులు మూసుకుంటూ. అని, నాలిక కరుచుకుంది.

"అనండి," అన్నాడు శుభాకర్. "సరైన ముక్క మీటరు పెట్టి సూసి రేపొద్దున తెస్తాను. ఈ ఒక్క రాత్రి ఓర్చుకోండి. ఇంకా ఏటేటి బాగోలేదో అన్నీ సెప్పండి."

ఆవిడ అతని మొహంలోకి అనుమానంగా చూసింది. తర్వాత మొదలెట్టింది. మర బిగుతుగా ఉండి తిరగడం లేదు, లోపలి దీపం మిణుకుమిణుకుమంటుంది, వెనక రేకు ముట్టుకుంటే ఒక్కోసారి షాకు కొడుతోంది, దాంతో అప్పలమ్మ చెప్పులేసుకుని గానీ దగ్గరికి పోదు. షాకు మాట వినగానే పెట్టె వెనక రేకు వైపు తిరిగాడు, ఆ రేకుకి ఎర్తు తీగ వేశాడో లేదో కూడా ఇప్పుడు ఒట్టేసి చెప్పలేడు. ఇంకా, ఇంకా అంటూ క్యాలెండరు కాగితం వెనక రాసుకున్నాడు. పెట్టెలో పిల్ల ఆ చప్పుడుకి ఒకసారి ఉలిక్కిపడి చేతులు బార్లా చాపింది, మళ్ళీ ముడుచుకుని నిద్రలోకి జారింది. రంగు మామూలైంది.

దీవెనమ్మగారు థర్మామీటరు మీది ప్లాస్టరు ముక్కలు పీకబోతే ఉంచండి అన్నాడు. అప్పలమ్మ స్టూలు గోడ దగ్గరికి జరుపుకుంది, పసుపుచీర కొంగు నడుముకి దోపుకుంది, రిలే అంత మోత మోగుతున్నా దాని వైపు చూడనైనా చూడకుండా, పాదరసం మీద కళ్ళు పెట్టి, చెయ్యి స్విచ్చి మీద వేసి కూచుంది. ఆ చెయ్యి తియ్యమని అతను అనలేదు.